ఎర్ర కారు క్లచ్ ఎందుకు బిగుసుకుంది

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఒక మాట. బండి జబ్బు కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. ఆ జబ్బుకు అప్పటికే పేరు పెట్టేసిన మగవాళ్లను దాటుకుని బండి దాకా వెళ్లడమే కష్టం. ఇరవై ఏళ్ల పనిలో నేను అట్లా దాటుకుని వెళ్లింది ఒకే ఒక్కసారి. అదీ తలెత్తుకుని కాదు.

పావగడ బస్టాండుకు అవతల, కొండ కనబడే వీధిలో మా షెడ్డు. మా షెడ్డు అంటే మేస్త్రీది. నేను మొదట ఊడ్చడానికి చేరాను. రెండేళ్లు బుద్ధిగా ఊడిస్తే మెచ్చుకుని సామాను కడిగే పని ఇచ్చారు. విప్పిన ఇనుప సామానంతా కిరోసిన్ ట్రేలో వేసి, బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి వరసగా పేర్చాలి. ఏళ్ల తరబడి బండ్ల కడుపులో ఉండేవన్నీ కడిగితే, ఏది ఎందుకు అరిగిందో ఎంత మొద్దుకైనా తెలుస్తుంది. అయితే తెలియడం వేరు, నీకు తెలుసని నలుగురు ఒప్పుకోవడం వేరు. నేను స్పానరు ముట్టుకుంటే చాలు, "ఆడ పెట్టు మ్మే" అని మూడు గొంతులు ఒక్కసారే లేచేవి. ఒకటి మేస్త్రీది, ఒకటి ఎలక్ట్రీషియనుది, ఒకటి పెయింటరుది. మిగతా ఏ విషయంలోనూ ఆ ముగ్గురికీ పొత్తు కుదిరేది కాదు.

సోలార్ పార్కు వచ్చాక మా తాలూకాలో వేరుశనగ చేలల్లో అద్దాలు మొలిచాయి. చేలు లీజుకిచ్చిన ఆసాములకు పొద్దు గడవడం మానేసింది. రాయచెర్లులో ఒక ఆసామి ఉండేవాడు. నాగలి, గొర్రెలు, ట్రాక్టరు అన్నీ చూసిన మనిషి. చేతిలో పని లేక ఫోనులో బండ్ల బొమ్మలు చూసీ చూసీ, చివరికి బెంగుళూరు నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాడు. ఎర్రగా, నేలకు అతుక్కుపోయి, రెండే తలుపులు, రెండే సీట్లు. ఇంజను వెనకాల, డిక్కీ ముందర. ఊరి పిల్లలు దానికి కప్ప అని పేరు పెట్టారు. భార్య మొదటి రోజే అడిగిందట: "ముగ్గురు పిల్లోళ్లు ఉండారు. వాళ్లను యాడ కూర్చోబెడదామని తెచ్చినావు దీన్ని? నెత్తిన కట్టేదానికా?"

ఊళ్లోని స్పీడ్ బ్రేకర్లన్నీ ఆ కారు కడుపుకు పేరుపేరునా తెలుసు. అందుకని ఆసామి దాన్ని సోలార్ పార్కు లోపలి రోడ్డు మీదే నడిపేవాడు. రెండు పక్కలా అద్దాలు, మధ్యలో నున్నటి తారు, మనిషనేవాడు కనబడడు. సాయంత్రమైతే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి, ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి. గొర్రెలు కాసేవాళ్లు గట్టు మీద కూర్చుని చూసేవాళ్లు. చేను దున్నేవాడు కూడా అట్లాగే పోయి వస్తాడు కాబట్టి వాళ్లకేమీ వింతగా తోచలేదు.

దసరా అయిన నెలకు ఆ కారు జబ్బుతో మా షెడ్డుకు వచ్చింది. ఆసామి దిగడమే ఎడమకాలు రుద్దుకుంటూ దిగాడు.

"మేస్త్రీ, క్లచ్చి తొక్కితే బండను తొక్కినట్టుండాది. తొక్కినంక పైకి రమ్మంటే రాదు."

మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాన్ని కాలితో తన్నాడు. "ప్లేటు పోయింది" అన్నాడు.

మేస్త్రీ దగ్గరికి ఏ బండి వచ్చినా ప్లేటే పోయేది. హారను మోగలేదని ఒకడొస్తే కూడా ముందు క్లచ్ ప్లేటు సంగతి అడిగిన మనిషి.

ఎలక్ట్రీషియను ఫోనులోంచి తలెత్తాడు. "ప్లేటు కాదు, ఏం కాదు. కంప్యూటర్ కారన్నా ఇది. యాడనో సెన్సారు పోయింటాది."

పెయింటరు ఆసామిని కింది నుంచి పై దాకా చూశాడు. "సీటు ముందరికి జరుపుకోన్నా. నీ కాళ్లు పొట్టి."

"కాళ్లు పొట్టేం కాదప్పా, సత్తువే పోయినట్టుండాది. నాగలి పట్టి మూడేండ్లాయె. డాక్టరుకు కూడా చూపించుకుంటి. మోకాలికి తైలం రాసుకోమన్నాడు. రాసుకుంటానే ఉండా."

కాలికి తైలం రాస్తే కారు పెడల్ మెత్తబడలేదని ఆ మనిషి నిజంగానే బాధపడుతున్నాడు. అప్పటికి నలుగురు మగవాళ్లు నాలుగు జబ్బులు చెప్పారు. ఆ పెడల్‌ను చేత్తో నొక్కి చూసినవాడు ఒక్కడూ లేడు.

షెడ్డు మేస్త్రీది కాబట్టి ప్లేటే గెలిచింది. గేరుబాక్సు దించారు. బెంగుళూరు నుంచి కొత్త క్లచ్ సెట్టు వచ్చేదాకా ఆ కారు రెండు వారాలు పేగులు బయటపెట్టుకుని మూలన పడి ఉంది. దించిన పాత ప్లేటు కడగడానికి నా ట్రేలోకి వచ్చింది. చూస్తే ఇంకా రెండేళ్లు సుఖంగా పనికొచ్చేటట్టుంది.

"మేస్త్రీ, ఇది బాగనే ఉండాది" అన్నాను.

"కడుగు మ్మే" అన్నాడు.

పారేసే ప్లేటును శుభ్రంగా కడిగి తుడిచి పెట్టాను.

కొత్త సెట్టు వేశారు. గేరుబాక్సు ఎక్కించారు. పెడల్ తొక్కారు. బండ బండలాగే ఉంది. ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు ఎక్కి తొక్కి దిగారు.  చివరికి మేస్త్రీ, "కొత్త ప్లేటు గదా, గట్టిగానే ఉంటాది. వెయ్యి కిలోమీటర్లు పోనీ, అదే మెత్తబడతాది" అన్నాడు. ఆసామికి ఫోను చేసి శనివారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

ఆసామి సంతోషం ఫోను దాటి మాకందరికీ వినబడింది. "అట్లయితే ఆదివారం నందిబెట్టకు పోతాం మేస్త్రీ, నేనూ మా ఆమె. పెండ్లయినకాడి నుంచి ఇద్దరమే యాడికీ పోయింది లేదు."

నందిబెట్ట కొండ ఎక్కినవాళ్లకు తెలుసు. ఎక్కేటప్పుడు క్లచ్‌తో పని, దిగేటప్పుడు బ్రేకులతో పని. మలుపు మీద మలుపు.

గురువారం కారు తుడిచే పని నాది. నీడలోంచి ఎండలోకి తీయడానికి తోస్తే కదల్లేదు. అదే కారును దసరాకు పూజ కోసం తెచ్చినప్పుడు నేనొక్కదాన్నే తోసి వరసలో నిలబెట్టాను. ఇప్పుడు ముగ్గురూ వచ్చి చెయ్యి వేయాల్సి వచ్చింది. "మెయ్యి బరువెక్కినట్టుండాది దీనికి" అని పెయింటరు నవ్వాడు. బ్రేకులు పట్టుకుని వదలడం లేదని నాకు అనిపించింది. అనుమానం నోట్లోనే పెట్టుకుని వాళ్లు అన్నానికి పోయేదాకా ఆగాను.

వాళ్లు పోయాక తలుపు తీసి నేల మీద కూర్చుని పెడల్ చేత్తో నొక్కాను. ఆ కారు క్లచ్‌కు తీగ ఉండదు. పెడల్ నొక్కితే సన్నటి గొట్టంలోని ద్రవం అవతలికి పోయి పని చేస్తుంది. దాన్నే బ్రేక్ ఆయిల్ అంటాం. బ్రేకులకూ అదే, క్లచ్‌కూ అదే, రెంటికీ కలిపి ముందు డిక్కీలో ఒకే చిన్న డబ్బా. నొక్కిన క్లచ్ పెడల్ అలిగిన కోడలిలాగా తీరిగ్గా పైకి వచ్చింది. బ్రేకు పెడల్ నొక్కాను. అదీ చిన్న కోడలిలాగా పెద్దదాన్ని చూసి నేర్చుకుంటోంది.

డిక్కీ ఎత్తాను. డబ్బా మూత మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు ఉంది. మూత తీస్తే లోపలి రబ్బరు పూరీలాగా ఉబ్బి ఉంది.

ఉబ్బిన రబ్బరును చూడగానే పోల్చగల విద్య నాకు ఎట్లా వచ్చిందంటే, సామాను కడిగే పని ఇచ్చిన కొత్తలో ఇనుప సామానుతోపాటు బ్రేకు రబ్బర్లు కూడా కిరోసిన్ ట్రేలో వేసి పెట్టాను. తెల్లారేసరికి అన్నీ ఉబ్బిపోయాయి. మేస్త్రీ వారం రోజులు ఏకధాటిగా తిట్టాడు. బ్రేకు రబ్బరుకు దాని ద్రవం తప్ప ఇంకే నూనే పడదని ఆ వారంలో వంటబట్టింది. డబ్బాలో వేలు ముంచి వాసన చూశాను. గానుగ నూనె. వేరుశనగ గానుగ నూనె.

ఇక్కడ మా షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. ఆయుధపూజ నాడు మేస్త్రీ తండ్రి బండి ఇరుసుకు ఆముదం పోసి మొక్కేవాడట. తండ్రి ఎడ్లబండ్లు పోయి కొడుక్కు లారీలు వచ్చాయి. ఆముదం పోయి దీపంలో పోసే వేరుశనగ నూనె వచ్చింది. ఆచారం మాత్రం పోలేదు. పూజ రోజు ఆనవాయితీగా వచ్చే బండ్లన్నీ వరసగా నిలబెట్టి, ప్రతి బండి ఇంజను మూత తీసి, దీపం నూనె గ్లాసుడు పోసి, మూతకు కుంకుమ పెట్టి, హారతి ఇస్తాడు. లారీ ఇంజనులో గ్లాసుడు నూనె ఏ మూలకు? ముప్పై ఏళ్లలో ఒక్క లారీ కూడా ఎదురు చెప్పలేదు. ఆ సంవత్సరం ఆసామి కారును ముందు రోజే వదిలిపెట్టి, పూజ అయ్యాక పూల దండతో సహా తీసుకుపోయాడు. పూజవేళ మేస్త్రీ ఆ కారు ముందు డిక్కీ ఎత్తితే అక్కడ ఇంజను లేదు. అంత మంది ముందర ఇంజను ఎక్కడుందని అడుగుతాడా? కనబడిన ఒకే ఒక్క మూత తీసి పట్టినంత పోసేశాడు. నేను పక్కనే హారతి పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎలక్ట్రీషియను గంట కొట్టాడు. పెయింటరు కళ్లకద్దుకున్నాడు.

ఆ మూత మీద ఇంగ్లీషులో ఏదో అచ్చు వేసి ఉంది. ఈ ద్రవం తప్ప ఇంకేదీ పోయవద్దని దాని అర్థమని తరువాత తెలిసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఈ రాస్తున్నవన్నీ యాభై దాటాక దిద్దుకున్నవి. నాకు చదువు రాదు కాబట్టి చదవలేదు. వాళ్ల ముగ్గురికీ చదువు వచ్చు కాబట్టి చదవలేదు.

క్లచ్‌కు పోయే గొట్టం ఆ డబ్బా పైభాగాన ఉంటుంది, బ్రేకులది అడుగున. నూనె తేలుతుంది కదా, ముందు క్లచ్ రబ్బర్లను పట్టుకుంది. ఇప్పుడు మెల్లగా బ్రేకుల్లోకి దిగుతోంది. ఆదివారం నందిబెట్ట దిగేసరికి ఎంత దిగుతుందో నేను లెక్క వేయలేదు. వేయడానికి ధైర్యం చాలలేదు.

మేస్త్రీ అన్నం తిని రాగానే పక్కకు పిలిచి చెప్పాను.

"పూజలో పోసిన నూనెకు బండి చెడతాదా మ్మే?" అన్నాడు. "ముప్పై ఏండ్లుగా పోస్తాండా. ఒక్క లారీ చెడిందా?"

"లారీలకు ఇంజన్లో పోసినారు మేస్త్రీ. దీనికి బ్రేకు డబ్బాలో పోసినారు."

"నువ్వు చూసినావా?"

"మీ పక్కన్నే కదా హారతి పట్టుకోని ఉంటి."

మేస్త్రీ మొహం కాసేపు ఎర్రగా, కాసేపు నల్లగా అయింది. "కిరోసిన్ వాసనకు నీకు తల తిరిగినట్టుండాది. పోయి కడుక్కో. ఈ మాట ఇంకోసారి వచ్చిందంటే రేప్పొద్దున్నుంచి రావాల్సిన పన్లేదు."

నాకు వేరే షెడ్డు లేదు. పావగడలో ఆడమనిషిని ఊడ్చడానికి పెట్టుకున్న షెడ్డే అదొకటి. బలసముద్రం దగ్గర సోలార్ అద్దాలు కడిగే కూలికి పోవచ్చు. కడగడం నాకు కొత్త కాదు. కానీ అద్దం విప్పి లోపలేముందో చూడనివ్వరు.

నోటితో చెప్తే వినకపోతే ఇంకో దారి చూడాలి. బీరువాలోంచి రెండు కొత్త బ్రేకు రబ్బర్లు తీశాను. రెండు స్టీలు గ్లాసుల్లో వేశాను. ఒకదాంట్లో సీసాలోని బ్రేక్ ఆయిల్, ఇంకోదాంట్లో దీపం నూనె. రెండు రాత్రులు మూలన దాచి, శనివారం తెల్లారే మేస్త్రీ రోజూ మొక్కే దేవుడి పటం ముందు పెట్టాను. మేస్త్రీ ఊదుబత్తి వెలిగిస్తూ వాటిని చూశాడు. రెండు రబ్బర్లూ బయటికి తీసి అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకటి వేసినట్టే ఉంది. ఇంకోటి వెడల్పై మెత్తబడి ఉంది. ఊదుబత్తి సగం కాలేదాకా అట్లాగే నిలబడ్డాడు. తరువాత రెండు గ్లాసులూ షెడ్డు వెనక పారబోసి, చెయ్యి తుడుచుకుని, ఏమీ జరగనట్టు కారు తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

మనిషికి తెలిసిపోయింది. తెలిసిన మాట నోటి నుంచి రావడానికి మాత్రం గొంతు ఒప్పుకోవడం లేదు. పెద్దవాళ్లకు వచ్చే జబ్బే అది, ఆయనకు ఒక్కడికే కాదు.

పదింటికి ఆసామి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కొత్త చీర కట్టుకుంది. షెడ్డు నుంచి నేరుగా హిందూపురంలో చెల్లెలింటికి పోయి, అక్కణ్నుంచి తెల్లారి నందిబెట్ట అని మాకందరికీ చెప్పింది. "మెల్లగ పొమ్మని చెప్పక్కా ఈయనకు" అని నాతో అంది. మేస్త్రీ నా వైపు చూడకుండా తాళం చెవి తీసి చాచాడు.

నేను పోయి డిక్కీ ఎత్తి, డబ్బా మూత తీసి, ఉబ్బిన రబ్బరు పీకి చేతిలో పట్టుకున్నాను.

"ఏంది మ్మే అది?" అని మేస్త్రీ అరిచాడు.

"బండి పోకూడదు. డబ్బాలో వంటనూనె పడింది. బ్రేకులు కూడా పట్టుకుంటాండాయి."

ఆసామి చాచిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. "వంటనూనా? ఎవరు పోసినారు?"

 ఎలక్ట్రీషియను ఫోనులో ఏదో చాలా ముఖ్యమైనది చదవడం మొదలుపెట్టాడు. పెయింటరు ఎండిపోయిన బ్రష్షును కడగడానికి పోయాడు, పదేళ్లలో మొదటిసారి. మేస్త్రీ నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చేనులో దారి తప్పిన మనిషి చూసినట్టు చూశాడు. నేను నిజం చెప్తే ఆయన కాదంటాడు. ఆయన కాదంటే మిగతా ఇద్దరూ కాదంటారు. ముగ్గురి మాట మీద ఆసామి తాళం చెవి తీసుకుంటాడు. ఆమె కొత్త చీరతో ఆ సీట్లో కూర్చుంటుంది.

"నేనే పోసినా" అన్నాను. "పూజ నూనె మిగిలింటే, పుణ్యమని పోసినా."

ఇరవై ఏళ్లలో ఆ షెడ్డులో నా మాటను అంత తొందరగా నమ్మింది ఆ ఒక్కసారే.

"చదువు రాని వాళ్లను పెట్టుకుంటే ఇట్లనే అయ్యేది" అన్నాడు ఎలక్ట్రీషియను, ఫోను జేబులో పెడుతూ.

"పెద్దదానివి, తెలీకుంటే అడగాల కదక్కా" అంది ఆసామి భార్య.

"నేను ముందే అనుకుంటి" అని పెయింటరు బ్రష్షు దగ్గర్నుంచి కేకేశాడు.

మేస్త్రీకి గొంతు వచ్చింది. "బండి పోదు. రబ్బర్లన్నీ మార్చాల. ఖర్చు షెడ్డుది. నాలుగు రోజులియ్యప్పా." ఆసామీ భార్యా వీధి దాటాక నా వైపు తిరిగాడు. "నువ్వే చెడిపినావు కదా, నువ్వే బాగు చెయ్యి. ఎవరూ దీనికి సాయం పోవద్దు."

శిక్ష అనుకుని మిగతా ఇద్దరూ తృప్తిపడ్డారు. ఆ షెడ్డులో ఒకరు చెప్పి నా చేతికి స్పానరు రావడం అదే మొదలు. క్లచ్‌వీ బ్రేకులవీ సిలిండర్లు విప్పి, గొట్టాలన్నీ కడిగి, బెంగుళూరు నుంచి వచ్చిన కొత్త రబ్బర్లు ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాను. ఎవరూ సాయం రాలేదు. మేస్త్రీ స్టూలు వేసుకుని దూరంగా కూర్చున్నాడు, కాపలా అన్నట్టు.

చివర్న గొట్టాల్లో చిక్కిన గాలి తీయాలి. అది ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు లోపల పెడల్ తొక్కాలి, ఒకరు కింద నట్టు వదులు చేయాలి. నేను కారు కింద పడుకుని ఎవరిని పిలవాలా అని చూస్తుంటే, పైన తలుపు తీసిన చప్పుడైంది. తలుపు పక్కన మేస్త్రీ పాతచెప్పు కనబడి లోపలికి పోయింది.

"తొక్కండి మేస్త్రీ" అన్నాను.

"తొక్కినా."

"పట్టుకోండి."

"పట్టినా."

"వదలండి."

"వదిలినా."

అట్లా ఇరవై ముప్పైసార్లు. నేను చెప్పడం, ఆయన చేయడం. వేరే మాట ఒక్కటీ లేదు. ఎన్నోసారో నేను వదలమన్నా జవాబు రాలేదు. తల బయటపెట్టి చూశాను. ఆయన పెడల్‌ను తనంతట తనే మెల్లగా నొక్కుతున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. పెడల్ వెన్నలోకి దిగినట్టు దిగి, చటుక్కున పైకి వస్తోంది. మేస్త్రీ ముందు అద్దంలోంచి ఎటో చూస్తున్నాడు.

"ప్లేటు కాదు" అన్నాడు, నాతో కాదు.

ఆసామి వచ్చాడు. కూర్చుని తొక్కాడు. మొహం విచ్చుకుంది. "నా కాలు బాగుండాదప్పా!" అని కేక పెట్టాడు. షెడ్డు ముందర రెండు చుట్లు తిరిగి వచ్చి మేస్త్రీ చేతులు పట్టుకున్నాడు. "నీ చెయ్యి దేవుడి చెయ్యప్పా. ఒక్క మాట అంటా, ఏమనుకోవద్దు. ఆయమ్మను ఇంక ఏ బండి ముట్టనియ్యొద్దు."

నా చేతులకు మోచేతుల దాకా ఆ కారు మసి.

"సరేప్పా" అన్నాడు మేస్త్రీ.

కారు హిందూపురం రోడ్డు తిరిగిందాకా చూసి, మేస్త్రీ లోపలికి వచ్చాడు. మూలన ఒక నీళ్ల ట్యాంకరు ట్రాక్టరు బ్రేకులు పట్టడం లేదని పొద్దుటి నుంచి నిలబడి ఉంది. గోడకున్న స్పానర్లలో వెతికి ఒకటి తీసి నా ముందు చాచాడు. మొహం మాత్రం ట్రాక్టరు వైపే ఉంది.

"ఆసామి ముట్టనియ్యొద్దన్నాడు కదా మేస్త్రీ" అన్నాను.

"ఆయప్ప బండి పోయింది కదమ్మా" అన్నాడు. "ఈ ట్రాక్టరాయప్ప ఏమీ అనలేదు. పట్టు."